మంచం చేసేది వడ్రంగి కదా సార్!

2016 జూన్‌లో బంగారుపాళ్యంలో సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మామిడికాయల సీజను. పిలకాయల్లో సగం మంది పగలంతా మండీలో తోతాపురి కాయలు ఏరి, చేతికంటిన సొన వదలకుండానే వచ్చి పెన్ను పట్టేవాళ్లు.

గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి తయారవుతున్న ఒక డిగ్రీ అబ్బాయి 'ఐ డిడ్ ఎ మిస్టేక్' అని రాశాడు. 'మేడ్' అని దిద్దాను.

"హోంవర్కుకేమో డూ, మిస్టేకుకేమో మేకా? రెండూ మనం చేసేవే గదా సార్!"

గైడులో ఉన్న సూత్రం చదివి వినిపించాను: కొత్తగా ఏదైనా తయారుచేస్తే మేక్, ఊరికే పని చేస్తే డూ. వెనకనుంచి ఒకమ్మాయి లేచింది. "అట్లయితే 'మేక్ ది బెడ్' అంటే ఏంది సార్?" పక్క సర్దడం అన్నాను. "మంచం చేసేది వడ్రంగి కదా సార్! దుప్పటి దులిపితే కొత్తగా ఏం తయారైంది?" గదంతా నవ్వులు. గైడు మూసేశాను.

మర్నాడు బోర్డు మీద మన మాటలే రాయించాను. లైటు వేస్తాం, తాళం వేస్తాం, మాత్ర వేసుకుంటాం, ఓటు వేస్తాం. ఇంగ్లీషుకు వచ్చేసరికి స్విచ్ ఆన్, లాక్, టేక్, కాస్ట్. ఎందుకలా అంటే ఇంగ్లీషువాళ్లకూ తెలీదు, 'వేయడం' ఎందుకో మనకూ తెలీదు. ఫోటో ఒక్కటి మాత్రం వాళ్లూ మనలాగే తీస్తారు. దానికే క్లాసు సంబరపడింది.

టోక్యోలో ఇంగ్లీషు బోధన మీద పనిచేసిన హెరాల్డ్ పామర్ ఇలాంటి జంటపదాలనే పోగుచేసి 1933లో అచ్చువేశాడు. ఆయనతో పనిచేసిన హార్న్‌బీ 1942లో అక్కడే తెచ్చిన నిఘంటువే తర్వాత ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అయింది. ఈ సంగతి చెబితే "జపాన్ పిలకాయలకూ ఇదే బాధా సార్!" అని ఊపిరి పీల్చుకున్నారు.

ఆ రోజునుంచి నోటుబుక్కులో నామవాచకం ముందు, దానికి అతికే క్రియ పక్కన. మిస్టేక్, నాయిస్, ఫోన్ కాల్ పక్కన మేక్. డెసిషన్‌కు మేక్, టేక్ రెండూ.

ఇక పరీక్ష. మనం 'రాస్తాం' కాబట్టి దక్షిణాదిలో 'రైట్ ది ఎగ్జామ్' అంటారు, హిందీవాళ్లు 'గివ్' అంటారు, బ్రిటన్‌లో 'టేక్' లేదా 'సిట్'. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు 'రైట్' అంటే నేను ఈనాటికీ కొట్టెయ్యను. పై చదువులకు విదేశాలకు పోయేవాళ్లకు మాత్రం 'టేక్' అనే నేర్పుతాను.