తాళాల గుత్తి

ఇంటి పెత్తనం ఎవరిదో తెలియాలంటే తాళాల గుత్తి ఎవరి బొడ్లో ఉందో చూడాలి. కంప్యూటరుకీ అంతేనట!

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఆడవాళ్ళ కూలి లెక్కలు నోటుపుస్తకంలోంచి కంప్యూటరులోకి ఎక్కించడానికి ఆత్మకూరులో మా మేనకోడలు పీహెచ్‌పీమైఅడ్మిన్ పెట్టింది. 1998లో పుట్టిన ఈ సరంజామా, మైఎస్‌క్యూఎల్ అనే సామాన్ల గదిని బ్రౌజరులోంచే సర్దిపెడుతుంది. ఆ ‘మై’ ఎవరనుకున్నారు? దాన్ని తయారుచేసిన మైకేల్ విడేనియస్ కూతురు! చిన్నకూతురు మరియా పేరుతో తర్వాత మరియాడీబీ వచ్చింది.

జాంప్ అనే మూటలో అన్నీ కలిసే వస్తాయి. పెట్టడం పదినిమిషాల పని. కానీ ‘రూట్’ అనే పెద్ద పెత్తనానికి మొదట పాస్‌వర్డే ఉండదు!

“ముందు తాళం వెయ్యవే!”

“అదే వేస్తున్నానత్తా.”

లెక్కలు రాసే అమ్మాయికి కొత్త వరుస చేర్చే అనుమతి ఇచ్చింది, చెరిపేది ఇవ్వలేదు. ‘డ్రాప్’ నొక్కితే “నిజంగానా?” అని ఒక్కసారి అడుగుతుంది, అంతే, పట్టిక మాయం. అందుకే ‘ఎక్స్‌పోర్ట్’ చేసి మరోచోట నకలు దాచింది.

పొద్దస్తమానం ఉలి పట్టిన చేతుల కూలి అది. గుత్తి ఎవరి బొడ్లో ఉన్నా, తన లెక్క తను చూసుకునే వీలు ఆ చెక్కేమనిషికి ఉండొద్దూ?