మన్యపు కాలిబాటలు



సెలవులు రాగానే మన ఇళ్ళలో తరచుగా వినబడే మాట ఒకటి ఉంది. "ఈసారైనా అరకు చూసి వద్దామా?" అని పిల్లలు అడుగుతారు. పెద్దలు డబ్బు లెక్క చూసుకుంటారు, పొలం పని చూసుకుంటారు, చివరకు ఒకరోజు బయలుదేరుతారు. తీరా వెళ్ళి వచ్చినవారిని ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉంది గాని జనం, జనం!" అంటారు. కొండలు చూడటానికి వెళ్ళి కార్లను, బస్సులను, మొక్కజొన్న పొత్తుల బండ్లను చూసి వచ్చామని నవ్వుతారు.

కొన్నేళ్ళుగా మేము ఏడాదికొకసారి ఆ కొండలకు వెళ్తున్నాము. మేమంటే మా ఇంటివారు, సంఘంలోని ఇద్దరు ముగ్గురు పెద్దలు, కొందరు యువకులు. మాలో ఎక్కువమంది వ్యవసాయదారులే గనుక నడక మాకు కొత్త కాదు. రద్దీ లేని దారులు ఆ మన్యంలో ఎక్కడ దొరుకుతాయో, ఎలా వెదకాలో, ఆ దారులలో మేము ఏమి తెలుసుకున్నామో ఈ నాలుగు మాటలలో చెప్పాలని మా ఆశ.

జనం ఎక్కడ ఉంటారు?

విశాఖపట్నం నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పటినుండి అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. పాడేరు జిల్లా కేంద్రం. ఇవి తూర్పు కనుమలు. లోయలు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటే, వాటి చుట్టూ 1,600 మీటర్లు దాటిన శిఖరాలు కూడా ఉన్నాయి.

ఇంత విశాలమైన ప్రాంతంలో యాత్రికులు నిలిచే చోట్లు మాత్రం పది పన్నెండుకు మించవు. బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ, గిరిజన మ్యూజియం, చాపరాయి, కొత్తపల్లి జలపాతం, లంబసింగి ముందే పేరుపడ్డవి. ఈమధ్య కాలంలో పాడేరు దగ్గర వంజంగి కొండ, అరకు దగ్గర మాడగడ కొండ వాటితో చేరాయి. చలికాలంలో తెల్లవారుజామున లోయ నిండా మంచు పరచుకొని పాలసముద్రంలాగా కనబడుతుంది. అది చూడటానికి ఇంకా చీకటి ఉండగానే వందలమంది టార్చిలైట్లు పట్టుకొని ఎక్కుతారు. చూడదగిన దృశ్యమే, కాదనము. కాని ఫోన్లలో పాటలు, కేకలు, కాళ్ళక్రింద ప్లాస్టిక్ సీసాలు ఉన్నచోట మనస్సుకు విశ్రాంతి దొరకదు.

జనమంతా కారు వెళ్ళగలిగిన చోట ఉంటారు. కారు ఆగిన చోటునుండి అరగంట నడిస్తే చాలు, చప్పుడు తగ్గిపోతుంది. గంట నడిస్తే పక్షుల కూత, గెడ్డ పారే శబ్దం తప్ప మరొకటి వినబడదు. ఇది మేము చాలాసార్లు చూసిన సంగతి.

దారిని ఎలా వెదకాలి?

మొదటిది, రోజు చూసుకోవాలి. శని, ఆదివారాలు, కార్తీకమాసపు వనభోజనాల రోజులు, క్రిస్మస్ మొదలు సంక్రాంతి వరకు ఉన్న సెలవులు, ఇవి రద్దీ రోజులు. మంగళ, బుధవారాలలో అవే కొండలు ఖాళీగా ఉంటాయి.

రెండవది, కాలం. అక్టోబరు, నవంబరు నెలలలో వలిసెపూలు పూసి మెట్టచేలన్నీ పచ్చగా మెరుస్తాయి. అందం ఎక్కువ, జనమూ ఎక్కువే. సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరి, మార్చి నెలల ఉదయాలు మాకు ఎంతో నచ్చాయి. చలి కొంచెం మిగిలి ఉంటుంది, దారులు పొడిగా ఉంటాయి. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడితే కాఫీ తోటలు ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. మల్లెపూల వంటి ఆ వాసనలో నడిచినవారు దానిని మరచిపోరు. జూలై, ఆగస్టులలో కొండ పచ్చగా ఉన్నా గెడ్డలు పొంగుతాయి, కొండచరియలు జారతాయి, జలగలు పట్టుకుంటాయి. పిల్లలతో వెళ్ళేవారికి ఆ కాలం తగదు.

మూడవది, రైలు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవటానికి 1960ల్లో వేసిన కొత్తవలస – కిరండూల్ మార్గం ఇది. అరకు చేరేలోపల ఎన్నో సొరంగాలు దాటుతుంది. 2017 నుండి అద్దాల పెట్టె కూడా తగిలించారు గనుక యాత్రికులు సీట్లకోసం పోటీ పడతారు. వారంతా బొర్రాలోనో అరకులోనో దిగుతారు. ప్యాసింజరు బండి మాత్రం త్యాడ, చిమిడిపల్లి, కరకవలస, శిమిలిగూడ వంటి చిన్న స్టేషన్లమీదుగా వెళ్తుంది. అటువంటి చోట దిగితే స్టేషను వెనుకనుండే కాలిబాట మొదలవుతుంది. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక ఎక్కే శ్రమ కూడా తక్కువే. పట్టాల వెంట, సొరంగాలలో మాత్రం ఎన్నడూ నడవకూడదు. అది ప్రాణాపాయం, నేరం కూడా.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. ఆ కొండలలో దారులను యాత్రికులకోసం ఎవరూ వేయలేదు. గూడెం నుండి గూడేనికి, గూడెం నుండి సంతకు తరతరాలుగా మనుషులు నడిచి నడిచి ఏర్పరచిన బాటలవి. వారపు సంత రోజున ఉదయం సంత దగ్గర నిలబడి చూడండి. ఏయే కొండలమీదనుండి జనం దిగుతున్నారో ఆయా కొండలకు దారి ఉన్నట్టే. పసుపు, రాజ్మా గింజలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, కోళ్ళు మోసుకొని వస్తారు. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు కొనుక్కొని సాయంత్రానికి ఎక్కిపోతారు. ఆ బాటలలో ఏది తేలికో, ఏది కష్టమో, నీరు ఎక్కడ ఉందో వారిని అడిగితే చెబుతారు. ఏ మ్యాపులోనూ అంత వివరంగా దొరకదు.

దారిలో కనబడేవి

సిల్వర్‌ఓక్ చెట్లు నిలువుగా పెరిగి ఉంటాయి. వాటికి మిరియపు తీగలు పాకుతాయి. క్రింద నీడలో కాఫీ మొక్కలు. ఈ కాఫీకి 2019లో "అరకు వ్యాలీ అరబికా" పేరున భౌగోళిక గుర్తింపు లభించింది. దానిని పండించేవారు ఎక్కువగా ఒకటి రెండు ఎకరాలు ఉన్న గిరిజన రైతులే. శీతకాలంలో ఇంటిల్లిపాదీ ఎర్రని పండ్లు కోస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి కాఫీని, అటవీ ఫలసాయాన్ని కొంటుంది.

తోట దాటితే చోడిచేలు, సామచేలు. గెడ్డ ఒడ్డున మెట్లు మెట్లుగా వరిమళ్ళు. బగత, కొండదొర, కోందు, పోర్జ, గదబ మొదలైన తెగలవారు ఇక్కడ ఉంటారు. తెలుగు వచ్చినవారు చాలామంది ఉన్నా, ఇంటిలో తమ భాష మాట్లాడుకునేవారూ ఉన్నారు. ఏప్రిల్‌లో ఇటుకల పండుగ రోజులలో వెళ్తే స్త్రీలు దారికి అడ్డంగా కర్ర పెట్టి పాడుతూ కొంత చిల్లర అడుగుతారు. కోపపడనక్కరలేదు, అది వారి పండుగ సరదా. నవ్వుతూ ఇచ్చి వెళ్ళటమే మర్యాద.

ఇన్నాళ్ళూ ఈ కొండలు ఇలా మిగలటానికి ఒక చట్టం కూడా కారణమని యువకులకు చెబుతుంటాము. 1970లో వచ్చిన 1/70 నిబంధన ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనకూడదు. అది లేకపోతే ప్రతి మలుపులోను ఒక పెద్ద హోటలు లేచి ఉండేది.

ఆ డోలీ

ఒక ఫిబ్రవరి ఉదయం మేము ఇటువంటి బాటమీద ఎక్కుతున్నాము. ఎంత నిశ్శబ్దంగా ఉందో, ఎంత హాయిగా ఉందో అని మాలో మేము చెప్పుకుంటున్నాము. పైనుండి మాటలు వినబడ్డాయి. నలుగురు మగవారు వేగంగా దిగి వస్తున్నారు. ఇద్దరి భుజాలమీద వెదురుకర్ర, కర్రకు కట్టిన దుప్పటి, దానిలో నొప్పులు పడుతున్న ఒక చిన్న వయసు తల్లి. వెనుక ఒక ముసలమ్మ చెప్పులు లేకుండా పరుగువంటి నడకతో వస్తున్నది. రోడ్డు ఇంకా మూడు కిలోమీటర్లు ఉంది. అక్కడికి అంబులెన్సు వస్తుందట.

మేము ప్రక్కకు తప్పుకున్నాము. మా యువకులు ఇద్దరు మారుమాట లేకుండా వెళ్ళి భుజం మార్చుకున్నారు. మేమంతా వెనుదిరిగి వారితో దిగాము. మేము మెచ్చుకుంటూ ఎక్కిన మలుపులే దిగేటప్పుడు భయంకరంగా కనబడ్డాయి. జారుడు రాయి దగ్గర డోలీ ఊగినప్పుడల్లా ఆ బిడ్డ మూలుగు విని మా ఇంటివారు కన్నీరు పెట్టుకున్నారు. రోడ్డు చేరేసరికి అంబులెన్సు సిద్ధంగా ఉంది. ఆ రాత్రి ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టాడని, తల్లీబిడ్డా క్షేమమని మరునాడు తెలిసింది.

ఆ సాయంత్రం ఆ గూడెం పెద్ద మాకు అంబలి ఇస్తూ ఒక మాట అన్నాడు. "మీకు ఈ దారి బాగుంటాది అయ్యగారూ. మాకు రోడ్డే బాగుంటాది."

ఆ మాట మమ్మును వదలలేదు. మనం ప్రశాంతత అని పిలిచేదానిని వారు దారి లేకపోవటం అంటారు. మనకు ఒకరోజు విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమే వారికి బడి దూరం, మందు దూరం, బియ్యపు మూటను నెత్తిన మోయటం. రెండూ ఒకే బాటమీద ఉన్నాయి. కొండదారి అందంగా ఉందని వ్రాసేవారు ఎవరైనా ఈ రెండవ సంగతి కూడా వ్రాయవలసి ఉంటుంది.

రోడ్డు వస్తే?

రోడ్లు వస్తున్నాయి. 2023 నవంబరులో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వపు పి.ఎం. జన్‌మన్ పథకంలో ఇటువంటి మారుమూల ఆవాసాలకు రోడ్లు ఒక భాగం. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం డుంబ్రిగూడ మండలంలో "అడవితల్లి బాట" పేరున గిరిజన గ్రామాల రోడ్ల పని మొదలుపెట్టింది. మేము ఇష్టపడి నడిచిన బాటలలో కొన్ని రేపు తారురోడ్లు అవుతాయి. కార్లు వస్తాయి, సీసాలు వస్తాయి, మనం కోరే నిశ్శబ్దం ఇంకొక కొండ వెనుకకు జరుగుతుంది.

అందుకు మనం నొచ్చుకోవాలా? మా మట్టుకు మేము సంతోషించాలనే అనుకున్నాము. ఒక తల్లి డోలీలో ఊగకుండా ఆసుపత్రికి చేరటం కంటె మన విహారం గొప్పది కాదు. అయితే రోడ్డుతోపాటు చెత్త, తాగుడు, అల్లరి రానక్కరలేదు. అవి రోడ్డు తెచ్చేవి కావు, మనం తెచ్చేవి. రోడ్డు వచ్చాక కూడా నిశ్శబ్దం మిగులుతుందా లేదా అన్నది వెళ్ళేవారి నడవడిని బట్టి ఉంటుంది.

నడిచేవారికి కొన్ని మాటలు

గూడెంలో అడుగుపెట్టగానే అక్కడి పెద్దను పలకరించి, ఫలానా చోటికి వెళ్తున్నామని చెప్పండి. అది వారి ఊరు. దారి తెలిసిన ఒకరిని వెంట తీసుకొని, ఆ రోజు కూలి తక్కువ కాకుండా ఇవ్వండి. నలుగురైదుగురికి మించి గుంపుగా వెళ్ళవద్దు. ఎక్కువమంది ఉంటే రెండు జట్లుగా విడిపోవటం మంచిది.

ఉదయం ఆరింటికే బయలుదేరి మూడు గంటలకల్లా రోడ్డు చేరండి. కొండనీడ త్వరగా పడుతుంది, చలికాలంలో అయిదున్నరకే చీకటి. అన్నిచోట్లా ఫోను పనిచేయదు. కాచి చల్లార్చిన నీరు తీసుకువెళ్ళండి. మలేరియా ఉన్న ప్రాంతం గనుక చేతులు, కాళ్ళు కప్పే బట్టలు వేసుకొని, రాత్రి దోమతెర వాడండి. తిరిగి వచ్చాక జ్వరం వస్తే ఆ ప్రాంతానికి వెళ్ళామని డాక్టరుగారికి తప్పక చెప్పండి.

కాఫీపండ్లు, మిరియాలు కోయవద్దు. అవి ఒక కుటుంబపు సంవత్సరాదాయం. అడగకుండా ఫోటోలు తీయవద్దు, ముఖ్యంగా స్త్రీలను, పిల్లలను. పిల్లలకు చాక్లెట్లు విసరవద్దు. ఇవ్వదలిస్తే బడిలో మాష్టారికి పలకలో, పుస్తకాలో ఇవ్వండి. తెలియనివారు ఏదైనా మూట ఇచ్చి క్రింద అందజేయమంటే ఎట్టి పరిస్థితులలోను తీసుకోవద్దు. గంజాయి రవాణాలో అమాయకులు చిక్కుకున్న సంగతులు మనకు తెలుసు. మీరు తెచ్చిన ప్రతి కాగితం, ప్రతి సీసా మీ సంచిలోనే తిరిగి రావాలి.

చివరిగా ఒక మాట. తిరిగి వచ్చేటప్పుడు సంతలో ఆగి ఆ కొండవారి దగ్గరే పసుపో, రాజ్మాయో, విస్తరాకులో కొనండి, బేరమాడకుండా కొనండి. ఏ దారిమీద మనం ఒక పూట నడిచామో ఆ దారిమీద వారు ఆ బరువును నెత్తిన మోసుకొని వచ్చారని గుర్తుంటే, అడిగిన ధర ఎక్కువ అనిపించదు.