అంగడివారికి శునకోపదేశము

విశ్వాసమునకు ఉపమానము కావలసినప్పుడు మనము కుక్కను పేర్కొందుము. కోపము వచ్చినప్పుడు ఆ పేరే పెట్టి ఎదుటివానిని దూషింతుము. అట్టి జంతువునొద్ద వర్తకులు పాఠము నేర్వవచ్చుననిన చదువరులకు నవ్వు రావచ్చును. నవ్విన పిమ్మట కొంచెము ఆలోచింపుడు. అమ్మకమునకు మూలమేమి? కొనువాని నమ్మకము. కాసు పెట్టుబడి లేక ఇంటిల్లిపాది నమ్మకమును గడించిన ప్రాణి మన వాకిట పండుకొనియున్నది.

పాలమూరు, నల్లగొండ పల్లెలలో వారమున కొకనాడు అంగడి కూడును. అచ్చటి కుక్కలను నేను శ్రద్ధగా గమనించితిని. కుక్క అందరి వెంటను పరుగెత్తదు. ఒక మూల కూర్చుండి, ఎవరి చేయి పెట్టునదో, ఎవరి చేయి రాయి తీయునదో మొదట చూచుకొనును. ఒకమారు పిడికెడన్నము పెట్టినవారిని మరుసటి వారము ఆనవాలు పట్టును. వారి చేత ఏమియు లేకున్నను తోక యాడించును. మన దుకాణములలో పలుచోట్ల పద్ధతి వేరు. పైకము పెట్టెలో పడువరకు వదినెగారు, అక్కగారు. బట్ట మార్చుకొనుటకు మరునాడు పోయిన, మీరెవరని యడుగుదురు.

రెండవ పాఠము మొరుగుటను గూర్చినది. రేయెల్ల మొరుగు కుక్కకై ఇంటివారు నిద్ర లేవరు. అవసరమునకు మాత్రమే మొరుగుదాని గొంతు విని దీపము వెలిగింతురు. ప్రతి సరకును అపూర్వమని చాటు ప్రకటనలకును ఇదే గతి.

లోకములో మిక్కిలి పేరుగన్న వ్యాపారచిహ్నములలో ఒకటి కుక్క బొమ్మయే. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బరాడ్ అను చిత్రకారుడు నిప్పర్ అను కుక్కను యంత్రము ముందు కూర్చుండినట్లు చిత్రించెను. 1899లో గ్రామఫోను కంపెనీ, పటములోని పాత యంత్రమునకు బదులు తన యంత్రమును వ్రాయించి, దానిని కొనెను. గ్రామఫోనులో నాటకపద్యములు విన్న తెలుగు పెద్దలకు ఆ బొమ్మ పరిచితమే. అందలి కుక్క మొరుగుట లేదు, యంత్రమును పొగడుట లేదు. చెవి యొగ్గి వినుచున్నది. అమ్మువాడు ముందు వినవలెనని అంతకంటె తేటగా ఎవరు చెప్పగలరు?

ఈ పాఠముల యవసరము మన నేతపనివారికి గలదు. 2016 వరకు నల్లగొండ జిల్లాలో నుండి, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్న పోచంపల్లిలో, నూలును ముందే ముడులు కట్టి, రంగులలో ముంచి, పిదప నేయుదురు. రంగు దారములోనే యుండుటచే బట్ట ఇరుప్రక్కల ఒక్క తీరుగ కనబడును. ఈ ఇకత్తునకు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించెను. అయినను ఆ చిత్రములనే అచ్చువేసిన చవుక బట్టలు అదే పేరుతో అమ్ముడగుచున్నవి. కుటుంబమంతయు దినములకొలది పడిన శ్రమ, గడియలో అచ్చుపడిన బట్టతో వెలకు పోటీ పడవలసివచ్చుచున్నది.

పట్టణమున ఒక దుకాణదారుడు అట్టి అచ్చుబట్టను మగ్గముపై నేసినదని మా అక్కగారికి ఒట్టు పెట్టి చెప్పెను. ఆమె వెనుకకు త్రిప్పి చూచి, మాటాడక లేచివచ్చెను. తరువాత మేము ఒక నేతగాని యింటికి పోతిమి. ఆ ముదుసలి చీర విప్పి, “అక్కా, ఎన్క తిప్పి సూడుండ్రి. రంగు రెండు దిక్కుల ఒక్కతీరుంటెనే కొనుండ్రి,” అనెను. ఇంకేమియు చెప్పలేదు. అక్కగారు రెండు చీరలు కొనిరి. నాటినుండి మా చుట్టములలో ప్రతి పెండ్లికిని ఆ యింటి చీరలే.

అయితే కుక్కయందు నేర్వరాని గుణమొకటి కలదు. అన్నము పెట్టువాడు దొంగయో దొరయో అది విచారింపదు. మనుష్యుడు విచారింపవలెను. తన పేరు పెట్టి అచ్చుబట్ట నమ్ము బేరగానికే నేతగాడు సరకు నప్పగించుట, తన వాకిలి తానే తెరచి యిచ్చుట యగును. సహకార సంఘములు ఆ వాకిలి కావలి కాయుటకే యున్నవి. గృహిణులారా, మీ వంతు పని స్వల్పమే: కొనుటకు ముందు బట్టను వెనుకకు త్రిప్పి చూడుడు, ఎవరు నేసిరని యడుగుడు. ఆ ప్రశ్నకు విసుగుకొను దుకాణమునకు మరల పోకుడు.