కుంచెయు, చేతిగీతయు

పనిముట్టును స్వయముగా చేసికొనగలవాడు పనిలో సగము నేర్చినట్లే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తమ కలమును తామే చేసికొందురు. వెదురుపుల్ల కొనను చెక్కి, దానిపై ఉన్నియో పాతగుడ్డయో చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చుకొని యుండును. వ్రేళ్ళతో నొక్కినకొలదిని గుడ్డపైకి దిగును. అంగడిలో కొన్న కుంచెకు చేతితో నింతటి చనువు కుదురదు.

ఇప్పుడు కంప్యూటరుపై బొమ్మలు వ్రాయువారు పెరిగిరి. మా కమలాపురపు పిల్లలును పెండ్లిపత్రికలకు, పుస్తకముల అట్టలకు ఇట్లే వ్రాయుచున్నారు. కాని వారి కుంచెలన్నియు పరదేశపు సంతలోనివి. అందుచే ఏ యూర వ్రాసిన బొమ్మయైనను ఒకే చేతి పనివలె కనబడుచున్నది. ఇది మాకు లోటుగా తోచి, మా యింటి పిల్లలతో కలిసి మన యూరి గుఱుతులతోనే కుంచెలు చేయ మొదలిడితిమి.

గుఱుతులకు కొదువ లేదు. కడపబండ పఱచిన అరుగుపై పలుచని కాగితము పెట్టి బొగ్గుతో రుద్దితిమి. రాతి గరుకంతయు కాగితముపైకి వచ్చెను. సున్నము కొట్టెడు నారకుంచెను నల్లసిరాలో ముంచి లాగితిమి. నమిలిన వేపపుల్లతో చుక్కలు పెట్టితిమి. పాపఘ్ని యిసుకను జిగురు పూసిన అట్టపై చల్లి, ఆఱిన పిదప దానిమీదను బొగ్గు రుద్దితిమి.

ఇట్టి గుఱుతును అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసినచో, నాలుగంగుళముల గుఱుతు 2400 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ యగును. ఫోటోషాపు 2500 పిక్సెళ్ల వఱకు కుంచెగా గ్రహించును గనుక ఇది చాలును. కాగితపు మడతలను, నీడలను తుడిచివేయవలెను. అటుపై నలుపున్న చోట రంగు నిండుగా పడును; తెలుపున్న చోట పడదు; బూడిదవన్నె యున్న చోట పలుచగా పడును. ప్రొక్రియేటులో నిది తలక్రిందు. అచ్చట తెలుపే రంగు నిచ్చును. సొమ్ము వెచ్చింపలేనివారికి క్రిటా ఉచితముగా దొరకును.

తరువాత గుఱుతుకును గుఱుతుకును నడుమ ఎడమెంతయో నిర్ణయింపవలెను. ఎడము హెచ్చైన ముగ్గుచుక్కలవలె విడివిడిగా పడును. తగ్గిన గీతగా కలిసిపోవును. ఒకే గుఱుతు మాటిమాటికి పడిన ముద్ర వేసినట్లుండును. ప్రతిసారియు కొంచెము తిరుగునట్లు అమర్చిన ఆ లోపము తీఱును.

ఇంతవఱకు పని సులభమే. ధర్మసందేహము ముగ్గువద్ద పుట్టినది. మా వీధిలో నొక పెద్దామె కలదు. ఆమె వ్రేళ్ళనుండి జాఱిన పిండిగీత మొదట లావై, మలుపున సన్నమై, కొసను చుక్కయై విరియును. ఆమె యనుమతితో పిల్లలు దానిని ఫోటో తీసిరి. నల్లబండపై తెల్లనిగీత గనుక నలుపు తెలుపులను తారుమారు చేసి కుంచె చేసిరి. చూచినవారొకరు దానిని కొనెద మనిరి.

అప్పుడు మా యింట వాదము రేగెను. ప్రొద్దెక్కులోపల కాళ్లక్రింద చెరిగిపోవు ముగ్గు ఎవరి సొత్తని కొందఱు. ముగ్గు చెరిగినను దానిని వేసిన చేతి నేర్పు చెరుగదుగదా యని మేము. తుదకు ఆమెనే యడిగితిమి. ఆమె నవ్వి, “పిండిగీతకు గూడా దుడ్లిస్తారా నాయనా! పేరు పెట్టేదుంటే నాది గాదు, మాయమ్మది పెట్టండి. నేర్పింది ఆమే” అనెను. కుంచెకు ఆ తల్లి పేరే పెట్టితిమి. వచ్చిన సొమ్ములో సగము ఈమె చేతికే యిచ్చితిమి.

కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించుట మనకెల్లరకు సంతోషము. కాని యనుదినము వాకిట గీయు స్త్రీల చేతికి పేరేది? ఇంటిపని యన్నంతనే అది విద్య కాదనుకొనుట మనలో నాటుకొన్న దురాచారము. డబ్బు పుట్టిననాడు మాత్రము అదే విద్య యగును. అప్పుడు దానిని అమ్మువాడు వేఱొకడు!

చేతిగీత యొకసారి కుంచెయైన వేయి చేతులు దానితో గీయును; మొదటి చేయి మఱపున పడును. కావున సోదరసోదరీమణులారా, మీ యింటి గోడను, గడపను, ముగ్గును కుంచెలుగా చేయుడు. కాని ఫోటో తీయుటకు ముందు అడుగుడు, అమ్మునపుడు పంచుడు, పేరు వ్రాయుడు. ఆడపిల్లలకు ముగ్గుతోపాటు ఈ పనిముట్టునుగూడ నేర్పుడు. తన గీతను తానే కుంచెగా మలచుకొన్న పిల్లకు పేరుకై యొరుల దయను కోర పనియుండదు.