మంచు బరువు మోసే కప్పు

జపాన్ ఉత్తర దీవి హొక్కైడోలోని సపోరో దాదాపు 20 లక్షల జనాభా గల మహానగరమైనా, ఒక్క చలికాలంలో అక్కడ కురిసే మంచంతా కలిపితే సుమారు 5 మీటర్లు ఉంటుంది కాబట్టి, ఆ ఊళ్లో కుటుంబానికి ఇల్లు కట్టదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది పైన పడ్డ మంచు ఎక్కడికి పోవాలన్నదే. నిర్మాణ సంస్థలు వరుసగా కట్టి ఉంచిన నమూనా ఇళ్లలో మాత్రం ఈ ప్రస్తావన వినిపించదు. వంటగది, వెచ్చని నేల, మూడు పొరల అద్దాల కిటికీ తీరిగ్గా చూపించినవారే కప్పు సంగతి అడిగేసరికి కరపత్రం చేతిలో పెట్టి ఊరుకుంటారు. ఒక పత్రిక సంపాదకుని కోరికపై ఆ ఇళ్లను చూడవచ్చిన పరిశీలకునికి అసలు పాఠం దొరికింది నగరం అంచున ఉన్న ఒక చిన్న రేకుపని దుకాణంలో.

అక్కడి వృద్ధ పనివాడు మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉన్న పూత ఉక్కు రేకు అంచును వెడల్పు నోటి పట్టకారుతో కొద్దికొద్దిగా వంచి, పక్క రేకు అంచుకు కొక్కెంలా తగిలించి, ఆ రెంటినీ కలిపి కొయ్య సుత్తితో అణుస్తాడు. ఇనుప సుత్తి వాడితే పూత చిట్లి అక్కడే తుప్పు మొదలవుతుంది. మేకు బయటికి కనబడదు, రేకును పట్టి ఉంచే బిళ్లలన్నీ మడత లోపలే ఉంటాయి. ప్రతి మడత పూర్తయ్యాక ఆయన బొటనవేలు దాని పొడవునా ఒకసారి నడుస్తుంది, ఎక్కడైనా ఎత్తు తగిలితే మళ్లీ విప్పుతాడు.

ఇంత పట్టింపు దేనికో తెలియాలంటే స్థానికులు సుగమోరి అని పిలిచే చిక్కును అర్థం చేసుకోవాలి. ఇంటి లోపలి వేడి పైకి పాకి కప్పుమీది మంచును అడుగునుంచి కరిగిస్తే, ఆ నీరు చల్లని చూరు దగ్గరికి వచ్చి గడ్డకట్టి అడ్డుకట్టగా నిలుస్తుంది. దాని వెనక చేరిన నీరు వాలుకు ఎదురెక్కి అతుకుల్లో దూరి గదిలోకి కారుతుంది. దీనికి తోడు ఏటవాలు కప్పునుంచి జారిపడే మంచు పొరుగువారి గోడమీదో, దారిన పోయేవారి నెత్తినో పడుతుండటంతో, ఇరుకు స్థలాల్లో 1970ల తరువాత మంచును జారనివ్వని కప్పు వ్యాపించింది. ఇది చూడటానికి చదునుగా ఉన్నా లోపలికి స్వల్పంగా వాలి ఉంటుంది. కరిగిన నీరు మధ్య కాలువలో చేరి, ఇంటి వెచ్చని భాగం గుండా దిగే గొట్టంలో గడ్డకట్టకుండా కిందికి పోతుంది. అయితే మంచంతా పైనే నిలుస్తుంది గనుక 140 సెంటీమీటర్ల లోతుకు లెక్క కట్టి, చదరపు మీటరుకు 400 కిలోలకు పైగా మోయగల దూలాలు వేయవలసి వస్తుంది.

కనబడని చోట్లను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో హొక్కైడో ఒకసారి అనుభవించింది. 1973 చమురు సంక్షోభం తరువాత ఇంధనం ఆదా చేయాలని గోడల్లో, నేల కింద గాజు ఉన్నిని దట్టంగా కూరారు కాని, వంటా స్నానాల ఆవిరి వాటిలోకి చొరబడకుండా అడ్డుపొర వేయలేదు. ఆ తడి చలికి నీరై, కర్రను తినే నమిదతాకె అనే శిలీంధ్రం పెరిగి, కట్టి కొన్నేళ్లైనా కాని ఇళ్ల నేలలు కుళ్లిపోయాయి. నేటి ఇళ్లలో లోపలివైపు ఆవిరిని ఆపే పొర, బయటివైపు గాలి ఆడే సందు ఉంటున్నాయంటే ఆ దెబ్బ వల్లనే. ఇంత జరిగాక కూడా అమ్మకాల కరపత్రాలు ఉన్ని మందాన్ని పెద్ద అక్షరాల్లో వేసి, ఆవిరి పొర అతుకులను ఎవరు ఎలా మూస్తారో చెప్పకపోవడం చిరాకు కలిగించే విషయం.

దుకాణంలో ఆ పెద్దాయన తోటివాడితో గొణిగింది కూడా ఇటువంటిదే: కొనేవారు కిటికీ వెల అడుగుతారుగాని కప్పు ఎవరు వేస్తారని అడగరట. చేతి మడత నేర్చుకునే కుర్రవాళ్లు ఆ దుకాణానికి రావడం లేదు. నిడుపు రేకును యంత్రమే మడవగలిగినా, మధ్య కాలువ మూలల్లో, గొట్టం నోటి దగ్గర ఇప్పటికీ చెయ్యే కావాలి. ఏటా శరత్తులో, తొలి మంచుకు ముందే ఎవరో ఒకరు పైకెక్కి ఆ నోట్లో చిక్కిన ఎండుటాకులు తీయాలి. నమూనా ఇళ్లలో పంచే ఖర్చుల పట్టికలో ఈ పనికి ఒక్క వరుస కూడా కేటాయించలేదు.