ఊపిరి ముందు, మడమ వెనుక

నవాబుపేట అనగానే కొందరికి పాలమూరు జిల్లా నవాబుపేట గుర్తుకొస్తుంది. నేను చెప్పేది ఆ వూరు కాదు, వికారాబాద్ జిల్లా నవాబుపేట. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది రంగారెడ్డి జిల్లాలో వుండేది. సికింద్రాబాదు నుంచి వాడి వెళ్లే రైలు మార్గం 1874లో, నిజాం కాలంలో మొదలైంది. ఆ దారిలో శంకర్‌పల్లి దాటాక చిట్టిగిద్ద స్టేషను వస్తుంది. మొన్న చలికాలంలో అక్కడ దిగి, ఆటోలో నవాబుపేట చేరి, తెలిసినవారింట్లో ఆ రాత్రి వున్నాను.

తెల్లవారుజామున అయిదున్నరకు నడకకు బయలుదేరాను. రోడ్డుకు ఒకవైపు కందిచేలు మంచులో తడిసి వున్నాయి. వెలుగింకా రాలేదు. వెనకనుంచి దబదబమని అడుగుల చప్పుడు. ఏడెనిమిది మంది యువకులు, వాళ్ల వెనుక ఇద్దరు అమ్మాయిలు పరుగెత్తుకుంటూ నన్ను దాటి పోయారు. పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషను ఎప్పుడు పడినా సిద్ధంగా వుండాలని వాళ్ల తయారీ. 2022 నాటి కానిస్టేబుల్ పరీక్షల్లో మగవారు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలోనూ, ఆడవారు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలోనూ పరుగెత్తవలసి వచ్చింది.

కొంతదూరం పోయాక కల్వర్టు గోడ మీద ఒక కుర్రవాడు కూర్చుని చెప్పు విప్పి మడమ ఒత్తుకుంటున్నాడు. అరిగిపోయిన రబ్బరు చెప్పులతోనే పరుగెత్తుతున్నాడు.

"ఏమైంది బాబూ?" అన్నాను.

"పొద్దుగాల మంచం దిగి కాలు కింద పెడితే ముల్లు గుచ్చినట్టయితుంది సార్. నాలుగడుగులేస్తే తగ్గుతది. ఉరికొచ్చినంక మళ్లీ షురూ అయితది. నెల రోజులాయె. ఇడిసిపెడితే నౌకరి పోతది, ఉరికితే కాలు పోయేటట్టుంది."

ఆ మాట నాకు కొత్త కాదు. 2022 డిసెంబరు పరీక్షలకు ముందు ఇలాంటి కుర్రవాడే నా దగ్గరకు వచ్చాడు. నొప్పి మాత్రలు రాసి, మూడు వారాలు పరుగు మానేయమన్నాను. బుద్ధిగా మానేశాడు. నొప్పి పోయింది. ఇరవై రెండో రోజున ఏకంగా నాలుగు చుట్లూ పరుగెత్తాడు. మూడో నాటికి నొప్పి మళ్లీ వచ్చింది. పరీక్ష రోజున మూడో చుట్టులో కుంటుతూ ఆగిపోయాడు. విశ్రాంతి ఇవ్వమన్నానే తప్ప, విశ్రాంతి తర్వాత ఏం చేయాలో చెప్పలేదు. తప్పు నాది.

ఎందుకు వస్తుంది?

కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది. "నాకు దమ్ము వచ్చింది" అనుకుని దూరం, వేగం రెండూ పెంచేస్తారు. కాని పిక్క కండను మడమ ఎముకకు కట్టివుంచే తాడులాంటి స్నాయువుకు, అరికాలి కింద బిగించిన నారకు బలం రావడానికి నెలలు పడుతుంది. ఊపిరి ముందు పోతుంది, మడమ వెనుక పడుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే ఈ నొప్పి.

మనవాళ్లు మడమ వెనుక తాడును "నరం" అంటారు. అది నరం కాదు. ఒంట్లోకెల్లా లావైన స్నాయువు. పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకు నేల మనల్ని మన బరువుకు రెండు మూడు రెట్ల బలంతో తిరిగి తంతుంది. స్నాయువు మీద పడే లాగుడు ఇంకా ఎక్కువ. 1600 మీటర్లకు వెయ్యికి పైగా అడుగులు పడతాయి. లెక్క మీరే వేసుకోండి.

నొప్పి ఎక్కడ?

మడమ కింద, లోపలివైపు నొప్పి వుండి, పొద్దున తొలి అడుగుకు పొడిస్తే అది అరికాలి నార నొప్పి. కల్వర్టు మీది కుర్రవాడిది ఇదే. వాళ్లింట్లో తాండూరు బండలు పరిచివున్నాయి. గట్టి నేల, చల్లటి పొద్దు, వట్టి పాదం! ఇలాంటివారు మంచం దిగకముందే బొటనవేలిని చేత్తో మీదికి లాగి పది లెక్కపెట్టాలి. అలా పదిసార్లు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి.

మడమ వెనుక, కాస్త మీదుగా, పొద్దున బిగుసుకున్నట్టుండి, ఒత్తితే నొప్పి వుంటే అది స్నాయువు నొప్పి.

పరుగెత్తుతుండగా ఎవరో పిక్కమీద రాయి విసిరినట్టు తగిలితే కండ చిరిగినట్టు. వెంటనే ఆగిపోవాలి. గుడ్డలో చుట్టిన మంచు పదిహేను నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తున వుంచాలి. మొదటి రెండు మూడు రోజులు నూనె మాలీషు, వేడి కాపడం పనికిరావు. నెత్తురు లోపల ఇంకా చిమ్ముతుంది.

మందు మీ గుమ్మంలోనే వుంది

స్వీడన్ దేశంలో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడు తానే ఈ స్నాయువు నొప్పితో బాధపడ్డాడు. మడమను మెల్లగా కిందికి దించే వ్యాయామాన్ని 15 మంది పరుగుగాళ్లతో 12 వారాలు చేయించి, వారంతా తిరిగి పరుగెత్తగలిగారని 1998లో ప్రకటించాడు. దీనికి కావలసింది ఇంటి ముందు మెట్టు ఒక్కటే.

గోడ పట్టుకుని మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడండి. రెండు కాళ్లతో మడమలు పైకెత్తండి. నొప్పివున్న కాలి మీద బరువు వేసి, మూడు లెక్కపెడుతూ మడమను మెట్టు కిందికి దించండి. పదిహేనుసార్లు, మూడు విడతలు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. నొప్పి సరిగ్గా మడమ ఎముక వెనుకనే వుంటే మెట్టు వద్దు, చదును నేల మీద చేయండి. అరికాలి నొప్పికి వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, రోజు విడిచి రోజు, మెల్లగా మడమ ఎత్తి దించాలి. కండ చిరిగినవారు మొదటి రోజుల నొప్పి పూర్తిగా తగ్గాకే ఇవి మొదలుపెట్టాలి. పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. వారంలో గుణం కనిపించలేదని మానేసేవారే ఎక్కువ.

వ్యాయామంలో కాస్త నొప్పి వుండవచ్చు. పదికి మూడు దాకా ఫరవాలేదు. మర్నాటి పొద్దున నొప్పి పెరిగితే నిన్న ఎక్కువ చేశారని అర్థం.

మళ్లీ పరుగు ఎలా?

అరగంట నొప్పి లేకుండా చురుకుగా నడవగలగాలి. ఆ ఒక్క కాలి మీదే ఇరవైసార్లు మడమ ఎత్తగలగాలి. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, పదిసార్లు. రోజు విడిచి రోజు మాత్రమే. వారం గడిచాక పరుగు కాస్త పెంచి నడక కాస్త తగ్గించాలి. వేగం అన్నిటికన్నా చివర.

తారురోడ్డు నడుమ ఎత్తుగా, అంచున వాలుగా వుంటుంది. ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలి మీద భారం ఎక్కువ. బడి మైదానం మేలు. నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చిన చోట పరుగు వద్దు. అబెబె బికిల 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను వట్టి పాదాలతో గెలిచాడు కదా అని ఒకతను అడిగాడు. నిజమే. కాని ఏళ్ల తరబడి అలవాటైన పాదాలు వేరు, నిన్నటిదాకా బూట్లలో వున్న పాదాలు వేరు. ఖరీదైనవి అక్కరలేదు. మడమ దగ్గర మెత్తగా, వేళ్లకు చోటుండే బూట్లు చాలు.

ఇవి మాత్రం చేయకండి

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తకండి. అది కాపలాదారు నోరు మూయడం. మడమ వెనుక స్నాయువులోకి స్టెరాయిడ్ ఇంజక్షను వేయించుకోకండి, అది తెగిపోయే ప్రమాదం వుంది. విరేచనాలకో మూత్రంలో మంటకో దుకాణంలో అడిగి కొనే సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు కూడా స్నాయువును బలహీనపరచగలవు. ఆ మందు వాడుతుండగా మడమ నొప్పి వస్తే పరుగు ఆపి డాక్టరుకు చెప్పండి.

వెంటనే ఆసుపత్రికి

మడమ వెనుక "టప్" మని చప్పుడై, మునివేళ్ల మీద నిలబడలేకపోతే స్నాయువు తెగివుండవచ్చు. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిసికితే పాదం కదలకపోవడం దానికి గుర్తు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, బిగుతుగా వుంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. మడమను రెండు పక్కలా ఒత్తితే నొప్పి, రాత్రిళ్లూ నొప్పి వుంటే ఎముక చిట్లిందేమో చూడాలి. చక్కెర వ్యాధివున్నవారు పాదానికి స్పర్శ తగ్గితే సొంత వైద్యం చేసుకోకూడదు.

ఆ ఉదయం కుర్రవాడి వెంట వాళ్లింటికి వెళ్లి, గడప ముందు మెట్టు మీద నేనే చేసి చూపించాను. వాళ్లమ్మ చాయ్ తెచ్చి, "మెట్టెక్కి దిగితే నౌకరొస్తదా సారూ?" అని నవ్వింది. నౌకరీ సంగతి నేను చెప్పలేను, కాలు మాత్రం మిగులుతుందన్నాను.

మూడు నెలలు దాటాక ఫోను చేశాడు. నాలుగు చుట్లూ ఆగకుండా పరుగెత్తాడట. పొద్దున తొలి అడుగుకు నొప్పి లేదట.

"టైమింగే ఇంక ఇరవై సెకన్లు తగ్గాలె సార్" అన్నాడు.

"తొందరపడకు బాబూ, అవి చివర్న తగ్గుతాయి" అన్నాను.