గచ్చు గోడ మీద సిమెంటు అతుకు

పత్తికొండ పాత ఊళ్లో ఆ ఇల్లు బయటికి మామూలు మిద్దె. గోడలు రెండడుగుల మందమని గడప దాటాకే తెలుస్తుంది. ఇంటివాళ్ల లెక్కన కట్టి వందేళ్లు దాటింది. అప్పటికి మన దేశంలో సిమెంటు తయారీ ఇంకా కొత్త. పోరుబందరు కర్మాగారం మొదలైంది 1914లో. అంతకు ముందు ఇంగ్లండు నుంచి పీపాల్లో, ఓడల మీద రావాల్సిందే. రేవు నుంచి ఈ మెట్టసీమకు ఆ పీపాలు తోలించుకునేదెవరు? రాయి, ఎర్రమన్ను, సున్నం, చౌడు ఇక్కడివే ఉండగా!

తోడొచ్చిన బేల్దారి పెద్దాయన నన్ను మిద్దె ఎక్కించాడు. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన నాపబండలు, మన్ను, అన్నిటికీ పైన చౌడు. వాన పడితే చౌడు మెత్తబడి సందులు పూడుకుంటాయి. వానాకాలానికి ముందు మళ్లీ కొంత పోయించుకోవాలి, ఆ చాకిరీ తప్పదు. వెలుతురుకు గవాచి, వానొస్తే మూయడానికి పక్కనే ఒక బండ.

అసలు పనితనం పడసాలలో ఉంది. కాల్చిన సున్నపురాయిని నీళ్లతో తడిపి, ఇసుక కలిపి, ఎద్దుల గానుగలో రుబ్బేవాళ్లు. పై పూతకు మెత్తటి సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు. పచ్చిగా ఉండగానే నున్నటి గులకరాయితో రుద్దేవాళ్లు. స్తంభం మీద వేలు పెడితే అద్దం మీద పెట్టినట్టు జారింది.

లోపలి గదిలో మాత్రం ఎవరో సిమెంటు పూశారు. అడుగున ఉప్పు పొంగి పెచ్చులు లేస్తున్నాయి.

"సున్నం గోడ తడి పీల్చుకుంటాది, మల్లా వదుల్తాది. సిమెంటు వదలదు సార్," అన్నాడు పెద్దాయన.

చిత్రమేమిటంటే రెండింటికీ మూలం సున్నపురాయే. సున్నానికి దాన్ని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే చాలు. సిమెంటుకు బంకమన్ను కలిపి 1,450 దాకా మండించాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నిదానంగా గట్టిపడుతుంది, సిమెంటు నీళ్లతో గబగబా బిగుస్తుంది. 1955లో ఏర్పడిన పాణ్యం సిమెంట్స్ బేతంచెర్ల ప్రాంతానికి వచ్చిందీ ఈ రాయి కోసమే.

ఇంటివాళ్లబ్బాయి అంతా పడగొట్టి స్లాబు వేయిద్దామంటున్నాడు. పెద్దాయన ఒప్పుకోడు. ఆ గది వరకు సిమెంటు కొట్టేసి సున్నమే పూయమంటాడు. ఎద్దుల గానుగ దొరక్కపోతే మోటారుదైనా అద్దెకు తెచ్చుకోవచ్చట. కూలి ఎంతన్న దగ్గర మాట తెగలేదు.